మలుపు దగ్గర మంచినీళ్ళు

మా వేములగిరిలో గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. పొరపాటున ఎవరైనా నోరు జారి అడిగారా, వెళ్ళేవాడు వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, గుడికెళ్ళేవాళ్ళూ మసీదుకెళ్ళేవాళ్ళూ చర్చికెళ్ళేవాళ్ళూ మా ఊళ్ళో తగాదా లేకుండా ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే.

అడగకపోవడం వల్ల నష్టాలు లేకపోలేదు. మా ఆయన ఒకరోజు పొద్దున్నే గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళాడు. అడగకూడదు కాబట్టి నేను అడగలేదు. సాయంత్రానికి గొడుగు తిరిగొచ్చింది. తెచ్చినవాళ్ళు దాన్ని నా చేతిలో పెట్టి, ఆయన సంగతి ఎలా చెప్పాలో తెలియక వానలో నిలబడ్డారు. మా పెద్దన్న రైలు ఎక్కినట్టే ఎక్కి, అవతలి వైపు తలుపులోంచి దిగి ఎటో పోయాడు. మా అమ్మ నాతో చింతకాయ పచ్చడి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ గోడవైపుకి ఒత్తిగిలింది, అంతే. మా ఇంట్లో అందరూ ఇండికేటరు వెయ్యకుండానే మలుపు తిరిగారు.

అంచేత పురపాలక సంఘం 'ముందస్తు దిశా ప్రకటన' నియమం తెచ్చినప్పుడు ఊరంతా తిట్టింది గాని, నేను మాత్రం మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నియమం ఎందుకొచ్చిందంటే, ఒక మోపెడ్ చెప్పాపెట్టకుండా కుడికి తిరగడం వల్ల చైర్మన్ గారి బావమరిది పేడతట్టలో పడ్డాడు. ఇంకెవరైనా పడితే బట్టలు ఉతుక్కోమనేవాళ్ళు. పడింది బావమరిది కాబట్టి తీర్మానం చేశారు. తీర్మానం ఒంటరిగా బతకలేదు కాబట్టి దానికొక శాఖ పెట్టారు. దాని పేరు మలుపుల శాఖ. దానికి అధికారిగా పరాంకుశం గారు వచ్చారు. గంజిపెట్టిన చొక్కా, గంజిపెట్టిన మాట.

"పౌరులారా! తిరుగుట మీ హక్కు. తిరుగుదునని ముందుగా తెలుపుట మీ విధి. ఏ వాహనము యొక్క సంకేత దీపము వెలుగదో, ఆ వాహనము ప్రతి మలుపు వద్ద నిలిచి, మా దిశాపాలకుని ప్రశ్నకు మౌఖికముగా సమాధానము ఇయ్యవలెను," అన్నారు ఆయన ప్రారంభోత్సవం రోజున.

మా ఊళ్ళో సంకేత దీపం వెలిగే బండి ఏదీ? మోటారు సైకిలు మీద పోయేవాడు కాలు చాపితే ఎడమకి తిరుగుతాడని అర్థం. మోచెయ్యి ఎగరేస్తే కుడికి. ఏమీ చెయ్యకపోతే దేవుడి దయ. అందుకని మొదటిరోజు ఊళ్ళో ఉన్న బండ్లన్నీ మలుపుల దగ్గర ఆగాయి. సున్నపుబట్టీ సెంటర్లో దిశాపాలకుడిగా వేసింది మా వీధి వెంగయ్యనే. వాడికి కొత్త ఈల, కొత్త టోపీ, ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చారు.

ఆ ప్రశ్న మొదటగా అడిగించుకున్నవాడు మా తమ్ముడు కోటిలింగం. వాడికి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ఏదో పెళ్ళివాళ్ళతో బేరం కుదుర్చుకోడానికి బయలుదేరాడు.

వెంగయ్య ఈల వేసి, "యాడికి?" అన్నాడు.

కోటిలింగం ముఖం మాడిపోయింది. "ఏందిరా ఎంగయ్యా, నీ నోట్లో మన్నుబడ! శుభమా అని బేరానికి పోతంటే యాడికంటావా?"

"నేనా అడిగింది? ఉద్యోగం అడిగింది బాబాయ్."

"నీ ఉద్యోగానికి పాడెగట్ట!" అని బండి తిప్పుకుని ఇంటికొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే మలుపు. మళ్ళీ అదే వెంగయ్య. మళ్ళీ అదే ప్రశ్న. మధ్యాహ్నానికి మా తమ్ముడి పొట్ట బానలా అయింది గాని పెళ్ళివాళ్ళ గుమ్మం తొక్కలేదు.

వాడొక్కడే కాదు. ఆ రోజు ఊరంతా బయలుదేరింది, ఊరంతా వెనక్కొచ్చింది, ఊరంతా నీళ్ళు తాగింది. కుళాయిలు ఎండిపోయాయి. పంతుళ్ళు బడికి చేరలేదు, డాక్టరు ఆసుపత్రికి చేరలేదు. దొంగలు కూడా పనిలోకి పోలేదని పోలీసులు సంతోషించారు, వాళ్ళూ పోలేదు.

ఇంకో ఊరైతే ఆ నియమాన్ని ఎత్తేసేది. మా శాఖ అలా వదిలే రకం కాదు. పరాంకుశం గారు పరిశీలించి, లోపం ప్రశ్నలో లేదనీ, ఇళ్ళు మలుపులకు దూరంగా ఉండటంలో ఉందనీ కనిపెట్టారు. వెంటనే ప్రతి మలుపు దగ్గరా 'తాత్కాలిక గృహం' వెలిసింది. నాలుగు గుంజలు, పైన షామియానా, పసుపు రాసిన గడప, కుండలో నీళ్ళు, కుర్చీలు. ప్రశ్న అడిగించుకున్న పౌరుడు గడప దాటి లోపలికి పోయి, తన ఇల్లే అనుకుని కూర్చుని, నీళ్ళు తాగి, అటునుంచి అటే బయలుదేరవచ్చు. షామియానాలూ కుర్చీలూ మా తమ్ముడివే. ఆ రోజునుంచి కోటిలింగం మలుపుల శాఖను ఒక్క మాట అననిచ్చేవాడు కాదు.

ఇల్లన్న తర్వాత ఇంటి సమస్యలు వస్తాయి. పాతూరు మలుపు ఇంట్లో ఒకాయన భోజనాల వేళదాకా కూర్చుని ఇవాళ కూరేమిటని అడిగాడట. అత్తారింటికి పోతున్న ఒక అల్లుడు అక్కడే ఉండిపోయాడు, మర్యాద బాగుందన్నాడు. ఇంకోచోట అన్నదమ్ములు పంపకాలు పెట్టుకుని తాత్కాలిక గృహం మధ్యలో గోడ కట్టారు.

పైగా నీళ్ళు తాగి గడప దాటేవాడు ఎదురెవరు వస్తున్నారో చూసుకుంటాడు కదా. ఎదురు సరిగ్గా లేకపోతే మళ్ళీ లోపలికి పోయి మళ్ళీ నీళ్ళు. అందుకని శాఖవారు అనుబంధ ఉత్తర్వు ఇచ్చారు. పిల్లులు, కట్టెలమోపులు, భర్త పోయిన స్త్రీలు ప్రయాణీకులకు అభిముఖముగా సంచరించరాదు. పిల్లులు ఆ ఉత్తర్వును లెక్కచెయ్యలేదు. అప్పట్నుంచి నేను బజారుకు పోవాలంటే బండ్లు ఎటు పోతే అటే నడవాల్సి వచ్చేది. తిరిగి రావాలంటే వెనక్కి వెనక్కి అడుగులేసేదాన్ని. ఓసారి అలా వెనక్కి నడుస్తూ పోయి బెల్లం కొట్టు మెట్ల మీద కూలబడ్డాను.

ఇంతలో ఖాజాబీ ఊరు వదిలి పోయే రోజు వచ్చింది.

ఖాజాబీ గాజులమ్మేది. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. నేను గాజులు వేసుకోవడం మానేసిన తర్వాత కూడా మా అరుగు మీద గంప దించేది, పుస్తకాల కోసం. ఇద్దరం బళ్ళో చదువుకున్నవాళ్ళం కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాం. ఓసారి పాత పుస్తకాలవాడి దగ్గర ఇటుకరాయంత నవల దొరికింది. ముందు ఎవరు చదవాలని వాదులాట వచ్చింది. ఖాజాబీ కూరగాయల కత్తి తెచ్చి దాన్ని నడుం దగ్గర కోసేసింది.

"ఎనక సగం నాకియ్. ముందేం జరిగితే నాకెందుకు, చివరికేమైందో తెలిస్తే చాలు," అంది.

నాకేమో చివరికేమవుతుందో అంటేనే భయం. ముందు సగం నేను తీసుకున్నాను. అప్పట్నుంచి మార్చుకుందాం మార్చుకుందాం అనుకుంటూనే ఉన్నాం. ఇప్పుడు బళ్ళారిలో ఉన్న చెల్లెలికి తోడుగా ఉండటానికి పోతోంది. సాయంత్రం బస్సు. ఈ ఒక్కసారైనా పోయే మనిషిని కళ్ళారా చూసి, నోరారా మాట్లాడి పంపాలని నా ఆశ. నవల ముందు సగం సంచిలో పెట్టుకుని పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఉత్తర్వు ప్రకారం అది కూడా నేరమే.

ఊరికి ఈ చివర మా ఇల్లు, ఆ చివర బస్టాండు. మధ్యలో మలుపులే మలుపులు. నా మోకాళ్ళు నడవనివ్వవు. ఆటోవాళ్ళంతా ఎప్పుడో తాత్కాలిక గృహాల్లో కాపురం పెట్టారు. కోటిలింగం మోటారు సైకిలుకి మాత్రం రెండు దీపాలూ కొత్తగా వేయించి ఉన్నాయి. శాఖతో వ్యాపారం కదా. "నీకెందుకక్కా, రయ్యిన తీసకపోతా," అన్నాడు. మేం బయటికొచ్చేసరికి పక్కింటి గేదె బండికి మెడ గోక్కుంటోంది. ఎడమ దీపం తెగిన చెవికమ్మలా వైరుకు వేలాడుతోంది.

"అయిపాయ," అన్నాడు కోటిలింగం.

మొదటి మలుపులో అడిగారు. కూర్చుని నీళ్ళు తాగాం. రెండో మలుపులో అడిగారు. కూర్చుని నీళ్ళు తాగాం. "మన కుర్చీలే, గట్టియ్యి, నెమ్మదిగా కూచో," అంటాడు వాడు. ఈ లెక్కన బస్టాండుకు పోయేసరికి బస్సు బళ్ళారిలో ఉంటుంది, నేను నీళ్ళలో ఉంటాను. దారిలో మెకానిక్ సుభానీ కొట్టు కనబడగానే, "బాగుచేయించరా తమ్ముడూ," అని దిగిపోయాను.

సుభానీ వైరు అతికాడు, కొత్త బల్బు వేశాడు, పగిలిన అద్దానికి టేపు చుట్టాడు. చుట్టి చేతులు తుడుచుకుని పక్కకి జరిగాడు.

"వెలిగించి చూడవయ్యా," అన్నాను.

"అమ్మో! కొంప ముంచుతావా పెద్దమ్మా? బండి నిలబడుంది గదా. నిలబడిన బండికి ఎడం లైటు ఎలిగిందంటే, తిరుగుతానని చెప్పి తిరగనట్టు. దొంగ ప్రకటన. మొన్న ఒకటి ఎలిగిచ్చానని నా స్పానర్లన్నీ ఎత్తుకబోయారు."

"అయితే తిప్పుతూ చూడు," అన్నాడు కోటిలింగం.

"లైటు ఎలుగుద్దని ఆఫీసోళ్ళు చీటీ ఇయ్యందే తిప్పకూడదు గదా."

"ఆ చీటీ ఎప్పుడిస్తారు?"

"ఎలిగిచ్చి చూపిచ్చినాక."

మలుపుల శాఖ ఆఫీసు పక్క సందులోనే ఉంది. దేవుడి దయవల్ల తిన్నగా పోతే చాలు. పరాంకుశం గారు అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నారు. మూలన సూట్‌కేసు సర్ది ఉంది. మలుపుల నిర్వహణలో ప్రథమస్థానం వచ్చినందుకు జిల్లాలో శాలువా కప్పుతున్నారని గుమాస్తా మా చెవిలో ఊదాడు. "ఆఫీసు జీపుకి ఇండికేటరు లేదు. అందుకని మలుపుల్లేని గట్టు దారిన బస్టాండుకి నడిచి, బస్సులో పోతన్నారు. ప్రయాణం మాట మాత్రం ఎత్తమాకండి, ఆయనకి పట్టింపు."

సంగతంతా విని అధికారి కళ్ళు మూసుకున్నారు. "పరీక్షార్థము దీపమును వెలిగించుటకు అనుమతి నాబోటి చిన్నవాని పరిధిలో లేదు. ఉపసంఘమును వేయవలెను. అంతవరకు మీ వాహనమునకు సజీవ సంకేతమును మంజూరు చేయుచున్నాను."

"అంటే ఏందండీ?" అన్నాడు కోటిలింగం.

"వెనుక కూర్చున్న వ్యక్తి మలుపు వద్ద హస్తమును చాచవలెను. చాచిన దిక్కునకు వాహనము తిరుగవలెను." అప్పుడాయన నా నుదురు చూశారు. బొట్టు లేని చోట కాసేపు ఆగారు. "కాని ఈమె ప్రయాణీకులకు అభిముఖముగా వచ్చుటకు వీలులేదు. కావున వెనుకకు తిరిగి కూర్చొనవలెను."

"ఇవన్నీ మీరు నమ్ముతారా బాబూ?" అని అడిగాను.

"శాఖ దేనినీ నమ్మదమ్మా. ప్రజలు నమ్ముదురు. శాఖ గౌరవించును," అన్నారు.

కోటిలింగం నన్ను బండి మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకోమని, పందిరి తాడుతో నడుం దగ్గర తన వీపుకు కట్టుకున్నాడు. "ఊపిరి ఆడతందా అక్కా?" అన్నాడు. "నువ్వు పోనియ్," అన్నాను. బండి కదిలింది. సుభానీ కొట్టు చిన్నదైపోయింది. బెల్లం కొట్టు చిన్నదైపోయింది. అందరూ నన్ను వదిలి పోవడమే చూశాను గాని, నేను వదిలి పోతుంటే ఊరు ఇలా ఉంటుందని నాకిప్పటిదాకా తెలియదు. అంత బాధగా ఏమీ లేదు. వెనక వస్తున్న ఎడ్లబండివాడు నాకు దణ్ణం కూడా పెట్టాడు, ఏదో ఊరేగింపు అనుకుని.

సున్నపుబట్టీ సెంటరు దగ్గర కోటిలింగం అరిచాడు. "ఎడం చెయ్యక్కా! ఎడం చెయ్యి చాపు!"

చాపాను. పుట్టినప్పట్నుంచీ ఎడమచెయ్యి అనుకుంటున్న చెయ్యే చాపాను. వెంగయ్య ఈల వేశాడు.

"కుడికి ప్రకటించారు. కుడికే తిరగాల," అన్నాడు.

"అది ఎడం చెయ్యిరా గుడ్డోడా!"

"చెయ్యి ఎడందే బాబాయ్. చూపిచ్చింది కుడికి. పెద్దమ్మ ఎనక్కి తిరిగి కూచుంది గదా."

"ఎంగయ్యా, బస్సెళ్ళిపోద్దిరా!" అన్నాను మెడ తిప్పలేక, ఎవరి ముఖమూ కనబడక.

"పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. ప్రకటిచ్చినాక మనసు మార్చుకుంటే దానికి ఇంకో సెక్షను ఉంది."

బస్టాండు ఎడమకి. మేం కుడికి తిరిగి చేపల బజారులో పడ్డాం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరిగలూ బొమ్మిడాయిలూ ఎండుచేపల కంపూ అన్నీ మసకగా వెనక్కి పోతున్నాయి. ఖాజాబీ బస్సెక్కి కూర్చుని ఉంటుంది. కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. ఇదీ అంతే. చెప్పకుండా పోయినట్టే.

బజారు చివర సందు తనంతట తానే ఎడమకి వంపు తిరుగుతుంది. మలుపు కాదు, వంపు. అక్కడ దిశాపాలకుణ్ణి వెయ్యాలా వద్దా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది. కోటిలింగం చటుక్కున మీట నొక్కాడు. కిందనున్న చేపల నీళ్ళలో పసుపుపచ్చ వెలుతురు టపటపా కొట్టుకుంది.

"ఎలుగుతందా అక్కా?"

వెనక దీపం వెలిగేదీ లేనిదీ తిరుగుతున్న బండి మీంచే చూడగలిగే మనిషి ఈ భూమ్మీద అప్పుడు నేనొక్కదాన్నే. "ఎలుగుతంది!" అని కేకపెట్టాను. చేపలమ్మే ఆవిడ ఉలిక్కిపడి తక్కెడ వదిలేసింది.

ఇక కోటిలింగం ఆగలేదు. ఎడమ దీపం వేసుకుని ఎడమకీ, కుడి దీపం వేసుకుని కుడికీ తిప్పుకుంటూ పోయాడు. దిశాపాలకులు వెలుగుతున్న దీపం చూసి ఈల నోట్లోనే పెట్టుకున్నారు. వెనక్కి తిరిగి కట్టేసి ఉన్న ముసలమ్మ గురించి వాళ్ళకి ఉత్తర్వుల్లో ఏమీ రాసిలేదు.

బస్టాండు దగ్గరకొచ్చేసరికి బళ్ళారి బస్సు గేటులోంచి బయటికొస్తోంది. ఎడమ దీపం వెలుగుతోంది, తప్పు పట్టడానికి లేదు. కోటిలింగం తాడు విప్పాడు. నేను మోకాళ్ళ మాట మరిచిపోయి పరిగెత్తి బస్సుకి ఎదురుగా నిలబడ్డాను. అభిముఖముగానే.

డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు. "ఏందమ్మా, చావాలనుందా?"

పుట్టి బుద్ధెరిగాక పోయే మనిషిని ఒక్కసారీ అడగని మాట నా గొంతులో ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో, ఒక్కసారిగా బయటికొచ్చింది.

"యాడికి?" అన్నాను.

భర్త పోయిన మనిషి ఎదురు రావడం ఒకటి, వచ్చి ఎక్కడికని అడగడం రెండు. రెండు అపశకునాలు ఒకే చీర కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాయి. కండక్టరు తల పట్టుకున్నాడు.

"ఎవురో తాగొచ్చి అడిగినా సరిపెట్టుకునేవోణ్ణి. ముసలామె నిలబడి అడిగిందాయె. దిగండయ్యా దిగండి, నీళ్ళు తాగొద్దురు."

గేటు పక్కనే తాత్కాలిక గృహం ఉంది కాబట్టి జనం గొణుక్కుంటూ దిగారు. ముందు సీట్లోంచి ఒక గంజి చొక్కా దిగింది. పరాంకుశం గారు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"తాత్కాలిక గృహం ఇటండీ," అన్నాడు బస్టాండు దిశాపాలకుడు, కుర్చీ తుడుస్తూ.

"ఛీ, అదేం ఇల్లయ్యా!" అన్నారు అధికారి, మొదటిసారి మామూలు మనుషుల్లా. "శాలువా కప్పించుకోడానికి పోతూ గుడ్డకింద కూచుని తాగమంటావా? మా ఇంటికే పోవాలి. మా ఆవిడ చేత్తో ఇవ్వాలి." అంతలోనే గుర్తొచ్చి గొంతు సవరించుకున్నారు. "బస్సు వేచియుండవలెను. ఇది శాఖాపరమైన ప్రయాణము."

ఆయన ఇల్లు ఊరికి మా చివరే. ఆటోలు లేవు. సూట్‌కేసు పట్టుకుని నడిచిపోయారు. పోయే దారిలో ఎన్ని మలుపులున్నాయో తలుచుకుని బస్సులోవాళ్ళంతా చెప్పులు విడిచి హాయిగా కూర్చున్నారు. నడిచేవాళ్ళకి దీపాలుండవు కాబట్టి దిశాపాలకులు వాళ్ళనీ అడుగుతారు. అడగమని ఉత్తర్వు ఇచ్చింది ఆయనే.

ఖాజాబీ అందరికంటే చివర దిగింది. నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బస్సునంతా ఆపేశావా ఆదెమ్మా! నీకు సిగ్గుందా?"

"లేదు," అన్నాను.

"నీ ఒళ్ళంతా చేపల కంపేందే?"

"ఎడమచెయ్యి చాపాలే," అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. ఇద్దరం మా తమ్ముడి కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని, ఒకే గ్లాసులో చెరిసగం నీళ్ళు తాగాం. ఆమె మోకాళ్ళ సంగతి చెప్పింది, నేను నా మోకాళ్ళ సంగతి చెప్పాను. ఎవరి మోకాళ్ళు ఎక్కువ నొప్పో తేలలేదు. పొద్దు వాలుతున్నా పరాంకుశం గారి జాడ లేదు. ఇంత తీరిగ్గా ఏ మనిషినీ నేను సాగనంపలేదు.

సంచిలోంచి నవల తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. "ముందు సగం. నీ సగం ఇయ్యి."

ఖాజాబీ ముందు సగం చంకలో పెట్టుకుంది. ట్రంకుపెట్టె వైపు చూసింది. కదల్లేదు.

"ఇయ్యను."

"అదేంటే?"

"నీకు చివర్లంటే భయం గదా. ఒక్కదానివే చదివితే నిద్రబోవు. బళ్ళారికి రా, పక్కన కూచుని చదివిస్తా."

"కథలో ఆ పిల్ల చచ్చిపోద్దా ఏంది?"

"చెప్పను."

పరాంకుశం గారు దీపాలు పెట్టే వేళకి వచ్చారు. చొక్కాలో గంజి లేదు. మలుపు మలుపుకీ మర్యాద చేసి పంపినట్టున్నారు, పొట్ట పట్టుకుని బస్సెక్కారు. ఎక్కుతూ నావైపు చూసి వణికారు. నేను నోరు కొంగుతో మూసుకున్నాను. బస్సు కదిలింది. ఖాజాబీ కిటికీలోంచి ఏదో అరిచింది, వినబడలేదు. ఎడమ దీపం టపటపా కొట్టుకుంటూ గేటు దాటి మలుపు తిరిగింది. తిరిగిన తర్వాత డ్రైవరు ఆర్పడం మరిచిపోయాడు. తిన్నటి రోడ్డు మీద, చీకట్లో, చాలా దూరందాకా ఆ పసుపు చుక్క వెలుగుతూ ఆరుతూ పోతోంది.

దిశాపాలకుడు ఈల ఎత్తి మళ్ళీ దించేశాడు. బస్సు అప్పటికే దూరమైపోయింది.

"తిన్నంగ పోతా ఎడం లైటు. దొంగ ప్రకటన! అది యాడికి పోతందో ఎట్టా తెలిసేది?" అన్నాడు.

"బళ్ళారికి," అన్నాను. "నేనడిగాగా."